వేలు మాట విననప్పుడు: ఫోకల్ డిస్టోనియాతో వాయించడం, పాఠం చెప్పడం ఎలా

సంగీతం నేర్చుకున్నవాళ్లం "అనగా అనగా రాగం" అన్న మాటను నమ్మి పెరిగినవాళ్లమే. రాని సంగతి (పాటలో ఒక స్వర వరుస) వందసార్లు వాయిస్తే వస్తుంది, వందకు రాకపోతే వెయ్యిసార్లకు వస్తుంది. ఆ నమ్మకమే మనల్ని ముంచే జబ్బు ఒకటుంది. వాయించిన కొద్దీ చెయ్యి ఇంకా పాడవుతుంది. దాని పేరు ఫోకల్ డిస్టోనియా.

నాకు ముప్పై తొమ్మిదో ఏట మొదలైంది. వయొలిన్ మీద వర్ణం అనే అభ్యాస రచన రెండో కాలంలోకి, అంటే రెట్టింపు వేగంలోకి, వెళ్లగానే ఎడమచేతి చిటికెనవేలు తీగ మీదకు రాకుండా అరచేతిలోకి ముడుచుకునేది. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. అదే వేలు చొక్కా బొత్తాలు పెట్టుకునేటప్పుడు చక్కగా పనిచేసేది. సాధన తగ్గిందనుకున్నాను. నాలుగు గంటల సాధనను ఆరు గంటలు చేశాను. ఎనిమిది నెలలు తిరిగేసరికి ఉంగరపువేలు కూడా దాని దారే పట్టింది. ఆ ఎనిమిది నెలలు మీకు రాకూడదనే ఇది రాస్తున్నాను. వయొలిన్, వీణ, వేణువు, మృదంగం, కీబోర్డు, మీ వాద్యం ఏదైనా సరే, ముఖ్యంగా నలుగురు పిల్లలకు పాఠం చెప్పి ఇల్లు నడుపుకునేవారైతే, ఇక్కడ చెప్పిన వరుసలోనే వెళ్లండి.

మొదటి పని: ఆ సంగతి వాయించడం ఆపండి

వేలు ముడుచుకుంటున్న సంగతిని ఈ రోజే ఆపేయండి. వాద్యాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయమనడం లేదు. ఏ సంగతి దగ్గర, ఏ వేగంలో వేలు ఎదురు తిరుగుతోందో దాన్ని ముట్టుకోవద్దంటున్నాను. కనీసం రెండు మూడు వారాలు.

ఎందుకో అర్థమైతే ఆపడం తేలికవుతుంది. ఒక వేలు కదలాలంటే మెదడు రెండు పనులు చేయాలి: ఆ వేలికి కదలమని చెప్పాలి, పక్క వేళ్లకు కదలొద్దని చెప్పాలి. ఈ రెండో పని, ఆపే పని, డిస్టోనియాలో సరిగా జరగదు. మెదడు లోపల బేసల్ గాంగ్లియా అనే భాగాలు, వేళ్ల స్పర్శనూ కదలికనూ చూసుకునే పైపొర, ఇవన్నీ కలిసి చేసే పని అది. మామూలుగా ఆ పైపొరలో ఒక్కో వేలికి ఒక్కో చోటు ఉంటుంది. ఈ జబ్బులో ఆ చోట్లు ఒకదాని మీదకు ఒకటి జరిగిపోయినట్టు పరిశోధనల్లో కనిపించింది. అలాంటి స్థితిలో మీరు గట్టిగా సాధన చేస్తే మెదడు నేర్చుకునేది సంగతిని కాదు, ముడుచుకోవడాన్ని.

వృత్తి సంగీతకారుల్లో సుమారు నూటికి ఒకరికి ఇది వస్తుందని అంచనా. ఎక్కువగా ముప్పైల్లో, మగవాళ్లలో ఎక్కువ. ఏళ్ల తరబడి ఒకే సూక్ష్మమైన కదలికను లక్షలసార్లు చేసినవాళ్లకే వస్తుంది. కాబట్టి బద్ధకం వల్ల వచ్చిందని ఎవరైనా అంటే మనసుకు పట్టించుకోకండి. మీకు మీరే అనుకుంటుంటే అది కూడా మానేయండి.

ఇంకొన్ని చేయకూడనివి ఉన్నాయి. ముడుచుకుంటున్న వేలిని రెండో చేత్తో బలవంతంగా చాచొద్దు. రబ్బరు బ్యాండు వేసి కట్టొద్దు. స్పాంజి బంతి పిసకొద్దు, ఎందుకంటే వేలికి బలం తక్కువై ఇది రాలేదు. అవసరం లేని కండరం కూడా బిగుసుకోవడం వల్ల వచ్చింది. ఈ వారాల్లో సంగీతం ఆగనక్కర్లేదు. పాడండి, వినండి, తాళం వేస్తూ వర్ణం మొత్తం మనసులో నడపండి.

రెండో పని: ఒక నోటు పుస్తకం, ఒక వీడియో

డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు మీరు చేయగలిగిన పని ఇదే, దీనికి మించింది లేదు. ఈ జబ్బును పట్టిచ్చే రక్తపరీక్ష లేదు. ఎమ్మారై చాలామందిలో మామూలుగానే వస్తుంది. మీరు చెప్పేదాన్ని విని, మీరు వాయిస్తుంటే చూసి తేల్చాల్సిందే.

పుస్తకంలో ఇవి రాసుకోండి. ఏ వేలు, ఎటు పోతోంది: ముడుచుకుంటోందా, పైకి లేచి నిలబడుతోందా? మొదట ఎప్పుడు గమనించారు? విలంబంలో వస్తుందా, వేగం పెరిగాకే వస్తుందా? నొప్పి ఉందా, స్పర్శ తగ్గిందా? వాద్యం పట్టుకున్నప్పుడు తప్ప ఇంకెక్కడైనా వస్తోందా: పెన్ను పట్టుకుంటే, ఫోనులో టైపు చేస్తే, బియ్యంలో రాళ్లు ఏరితే, అన్నం కలిపితే? ఇంట్లో అమ్మకో నాన్నకో చేతులు వణికేవా, రాసేటప్పుడు చెయ్యి బిగుసుకునేదా?

మీరు వాడుతున్న మందులన్నీ, ఆరు నెలల కిందట మానేసినవి కూడా, రాయండి. ఇది చిన్న విషయం కాదు. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరుగుతున్నాయంటే నెలల తరబడి వాడించే ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ లాంటివి కొందరిలో కదలికల జబ్బును తెచ్చిపెడతాయి. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ వల్ల, ఆయాసానికి పీల్చే సాల్బుటమాల్ వల్ల చేతులు వణకొచ్చు. మన ఇళ్లలో ఎవరికో రాసిన చీటీతో ఇంకొకరు మందు కొనుక్కోవడం మామూలు కాబట్టి అవి కూడా దాచకుండా రాయండి. అయితే ఏ మందునూ మీ అంతట మీరు ఆపొద్దు.

వీడియో సంగతి: ఫోను ఎవరిచేతనైనా పట్టించుకుని, వేళ్లు దగ్గరగా కనబడేలా రెండు నిమిషాలు తీయండి. సరళీ వరుస (సరిగమల తొలి పాఠం) మొదటి కాలం, అదే రెండో కాలం, ఆ తర్వాత ఇబ్బంది పెట్టే సంగతి ఒకసారి మాత్రమే. అదే చేత్తో గ్లాసు పట్టుకోవడం, పేరు రాయడం కూడా తీయండి. తేదీ పెట్టి దాచుకోండి. ప్రతి నెలా అదే సరళీ వరుస, అదే కుర్చీ, అదే వెలుతురు. రోజువారీ మార్పు మనకు తెలియదు; ఆరు నెలల కిందటి వీడియో పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

మూడో పని: సరైన డాక్టరు

మన దగ్గర చెయ్యి వణికినా, లాగినా, మొద్దుబారినా అన్నింటికీ ఒకటే పేరు: నరాల బలహీనత. ఆ పేరుతో నాకు నెలన్నర పాటు విటమిన్ ఇంజెక్షన్లు పొడిచారు. ఇంకోచోట మెడ ఎముకలు అరిగాయని పట్టీ పెట్టించారు. ఏడాది గడిచింది. తప్పు వాళ్లది మాత్రమే అనలేను, నేను వయొలిన్ తీసుకెళ్లలేదు. వాద్యం లేకుండా వెళితే మన చెయ్యి పూర్తి ఆరోగ్యంగా ఉన్న చెయ్యి.

న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లండి. వారిలోనూ మూవ్‌మెంట్ డిజార్డర్స్ చూసేవారైతే ఇంకా మేలు. హైదరాబాదులో నిమ్స్, బెంగళూరులో నిమ్హాన్స్, తిరువనంతపురంలో శ్రీచిత్ర లాంటి పెద్ద సంస్థల్లో ఈ జబ్బులు చూసే నిపుణులు ఉంటారు. వాద్యం వెంట తీసుకెళ్లండి. ఓపీలో వందమంది మధ్య వయొలిన్ తీయడానికి మొహమాటం వేస్తుంది. వేయనివ్వండి, తీయండి. వీణ మోయలేకపోతే వీడియో చాలు.

డాక్టరు ముందు వేరే జబ్బులు కావని చూసుకుంటారు. మోచేతి దగ్గర, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయినా వేళ్లు మాట వినవు. దానికి నరాల్లో విద్యుత్తు ప్రవాహాన్ని కొలిచే పరీక్ష చేస్తారు. వణుకు ఉంటే థైరాయిడ్ చూస్తారు. వయసు తక్కువైతే రాగి ఒంట్లో పేరుకుపోయే విల్సన్ జబ్బు కాదని పరీక్ష చేయిస్తారు. అది మందులతో అదుపులో పెట్టగలిగే జబ్బు, వదిలేస్తే కాలేయాన్నీ మెదడునూ తినేస్తుంది. కాబట్టి ఆ పరీక్ష అనవసరం అనుకోకండి.

వణుకు వేరు, డిస్టోనియా వేరు. కాఫీ గ్లాసు నోటి దగ్గరకు తెచ్చేటప్పుడు, వయొలిన్ కమాను తీగ మీద పెట్టేటప్పుడు రెండు చేతులూ వణుకుతుంటే, ఇంట్లో పెద్దవాళ్లకూ అలాగే ఉంటే, అది ఎసెన్షియల్ ట్రెమర్ కావచ్చు. చెయ్యి ఒళ్లో ఊరికే పెట్టుకున్నప్పుడు వణికి, పని మొదలుపెడితే తగ్గుతుంటే, దాంతోపాటు నడకలో ఒక చెయ్యి ఊగకపోవడం, చేతిరాత చిన్నదవడం, పనులన్నీ నెమ్మదించడం ఉంటే పార్కిన్సన్ గురించి ఆలోచిస్తారు. మూడింటికీ మందులు వేరు. కాబట్టి ఒకరి చీటీ ఇంకొకరికి పనికిరాదు. ఇంకొకటి, ఒకవైపు చెయ్యీ కాలూ హఠాత్తుగా పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట ముద్దయినా ఈ వ్యాసం పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. అది పక్షవాతం కావచ్చు, ప్రతి నిమిషమూ లెక్కే.

నాలుగో పని: వైద్యంలో ఏది ఎంతవరకు

పూర్తిగా నయం చేసే మందు లేదు. ఈ మాట మొదటిరోజే వినడం మంచిది, ఎందుకంటే వినకపోతే నయం చేస్తామనేవాళ్లందరి దగ్గరకూ తిరుగుతాం. అయితే బాగుపడినవాళ్లు చాలామంది ఉన్నారు. జర్మనీలోని హనోవర్‌లో సంగీతకారులకు వచ్చే జబ్బులకే ప్రత్యేకంగా ఒక సంస్థ ఉంది. డిస్టోనియా ఉన్న 144 మంది సంగీతకారులను ఏళ్లపాటు గమనించి 2005లో వాళ్లు ఫలితాలు ప్రచురించారు. 54 శాతం మంది తమకు మెరుగైందన్నారు. సగానికి పైన. నిరాశ కమ్మినప్పుడు నేను ఈ అంకెను తలుచుకుంటాను.

బొటులినం టాక్సిన్ ఇంజెక్షన్లు. బొటాక్స్ అంటే అందరికీ తెలుస్తుంది. బిగుసుకుంటున్న కండరంలోకి కొద్దిగా ఎక్కిస్తే అది కొంత సడలుతుంది. కొద్ది రోజుల్లో పని మొదలై, కొన్ని వారాల్లో బాగా పట్టి, మూడు నెలల ప్రాంతంలో తగ్గిపోతుంది. మళ్లీ చేయించుకోవాలి. చిక్కు ఎక్కడంటే, వేళ్ల కండరాలు ముంజేతిలో ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మోతాదు కాస్త ఎక్కువైనా పక్కవేలు కూడా నీరసిస్తుంది. నాకు మొదటిసారి అలాగే అయింది, ఐదు వారాలు మధ్యవేలితో తీగ నొక్కలేకపోయాను. కాబట్టి సూది కండరంలో ఎక్కడుందో యంత్రంతో చూస్తూ వేసేవారి దగ్గరే చేయించుకోండి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టమని అడగండి, మొదటి రెండు నెలల్లో కచేరీ ఒప్పుకోకండి. ఒకసారికి ఎంతవుతుందో, ఏడాదికి ఎన్నిసార్లో ముందే లెక్క వేసుకోండి.

ట్రైహెక్సీఫెనిడిల్ మాత్రలు, మందుల షాపులో పాసిటేన్ అంటారు. కొందరికి మేలు చేస్తాయి. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మతిమరుపు రావచ్చు. రోజంతా పాఠం చెప్పేవాడికి నోరెండడం, సాహిత్యం మరిచిపోవడం చిన్న కష్టాలు కావు, కాబట్టి మీ వృత్తి ఏమిటో డాక్టరుకు చెప్పి నిర్ణయించుకోండి. ఎసెన్షియల్ ట్రెమర్‌కు ఇచ్చే ప్రొప్రనొలాల్ ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం. కచేరీ భయం పోవడానికని స్నేహితుడి దగ్గర అడిగి వేసుకునేవాళ్లను చూశాను, ఆ పని చేయొద్దు.

ఆపరేషన్ చివరి మెట్టు. 2017లో బెంగళూరులో ఒక గిటారిస్టుకు మెలకువగా ఉంచి, ఆపరేషన్ బల్ల మీద గిటారు వాయిస్తుండగా మెదడులో థాలమస్ అనే భాగం దగ్గర ఒక చిన్న చోటును వేడితో పనిచేయకుండా చేశారు. ఆయన వేళ్లు అక్కడికక్కడే కదిలాయి. ఆ వార్త వచ్చినరోజు నా ఫోనుకు నలభైమంది పంపారు. మెదడులో చేసే పనికి మాట తడబడటం, చెయ్యీ కాలూ బలహీనపడటం, రక్తస్రావం లాంటి ప్రమాదాలు ఉంటాయి. మిగతావన్నీ ప్రయత్నించాకే దాని మాట ఎత్తండి.

ఐదో పని: వేలికి మళ్లీ పాఠం

ఇది నెమ్మదిగా సాగుతుంది, నెలల నుంచి ఏళ్ల దాకా. వీలైతే చేతి పనుల మీద శిక్షణ ఇచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్టు పక్కన ఉంటే మంచిది. నేను చేసిన పద్ధతి ఇది.

మెట్రోనోమ్ (లయ దెబ్బలు కొట్టే యంత్రం) పెట్టుకుని సరళీ వరుస మొదటి కాలంలో వాయించండి. వేలు బిగుసుకుంటే వేగం తగ్గించండి. ఇంకా బిగుసుకుంటే ఇంకా తగ్గించండి. ఎక్కడో ఒక వేగం దగ్గర వేలు మెత్తగా, తన చోట తాను ఉంటుంది. అదే మీ హద్దు. నాది నిమిషానికి నలభై దెబ్బలు, పసిపిల్లల పాఠం కన్నా నెమ్మది. ఆ హద్దుకు ఇంకాస్త కిందనే ఉండి ఐదు నిమిషాలు వాయించండి. రోజుకు మూడుసార్లు, మధ్యలో గంటలు విరామం. వేలు ముడుచుకోవడం కాదు, ముడుచుకోవాలన్న చిన్న లాగుడు తెలిసినా అక్కడే ఆపేయండి. వేగం పెంచడం వారానికి రెండు దెబ్బలకు మించొద్దు. ఆత్రపడి ఒకరోజు వర్ణం అందుకుంటే వారం పని పోతుంది, నాకు నాలుగుసార్లు పోయింది.

ఎదురుగా అద్దం పెట్టుకోండి. వేలును చూస్తూ వాయిస్తే మెదడుకు ఇంకో దారిలో కబురు అందుతుంది. స్పర్శను మార్చడం కూడా కొందరికి అద్భుతంగా పనిచేస్తుంది: పల్చటి సర్జికల్ గ్లవ్ తొడుక్కోవడం, వయొలిన్ మెడకు మెత్తటి టేపు చుట్టడం, కింద మఠం వేసుకుని వాయించేవారు కుర్చీలో కూర్చుని వాయించడం. పాత అలవాటుకు తాళం చెవి స్పర్శలోనే ఉంటుంది, అది మారితే మెదడు కాసేపు కొత్తగా ఆలోచిస్తుంది. ఆ కాసేపు వాడుకోండి.

వేళ్ల వరుస మార్చుకోవడానికి సిగ్గుపడొద్దు. కర్ణాటక సంగీతంలో మనకు ఒక వరం ఉంది: జారు. చూపుడువేలు, మధ్యవేలు రెండింటితోనే తీగ మీద జారుతూ మూడు స్థాయులు తిరగొచ్చు. నేను ఇప్పుడు చాలా కృతులు అలాగే వాయిస్తున్నాను. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, ఇంకా బాగుందన్నవాళ్లూ ఉన్నారు, అప్పటికప్పుడు అల్లే వేగమైన స్వరకల్పనలు మాత్రం పోయాయి. వీణలో ఎడమచేతి పని ఎక్కువగా చూపుడువేలు, మధ్యవేళ్లదే. తాళం తీగలు మీటే కుడి చిటికెనవేలికి ఇబ్బందైతే ఆ మీటు వదిలేసి నోటితో తాళం పట్టుకోవచ్చు. వేణువులో ఈ వెసులుబాటు తక్కువ, ప్రతి రంధ్రానికీ ఒక వేలు కావాలి. అలాంటివాళ్లు గాత్రం వైపు, పాఠం వైపు ముందే బరువు జరుపుకోవాలి.

ఆరో పని: పాఠం చెప్పే తీరు మార్చుకోవడం

నేను ఎక్కువ చెప్పదలుచుకున్నది దీని గురించే. చెయ్యి పోతే గురువు కూడా పోయాడని మనం అనుకుంటాం. ఒకాయన కథ చెబుతాను. లియొన్ ఫ్లైషర్ అని అమెరికన్ పియానో విద్వాంసుడు, 1928లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పోటీ గెలిచిన మొదటి అమెరికన్. 1964 ప్రాంతంలో, ముప్పై ఆరేళ్ల వయసులో, కుడిచేతి ఉంగరపువేలు, చిటికెనవేలు లోపలికి ముడుచుకోవడం మొదలైంది. ఏమిటో ఎవరూ చెప్పలేకపోయారు. డిస్టోనియా అని తెలియడానికి దశాబ్దాలు పట్టింది. తొంభైల్లో బొటాక్స్ మొదలుపెట్టాక మెల్లగా రెండు చేతులూ కలిశాయి, 2004లో రెండు చేతులతో వాయించిన ఆల్బం వచ్చింది. మధ్యలో ఆ నలభై ఏళ్లూ ఏం చేశారు? ఎడమచేతికి రాసిన సంగీతం వాయించారు, ఆర్కెస్ట్రాలు నడిపించారు, అన్నింటికన్నా బాల్టిమోర్‌లోని పీబాడీ సంస్థలో పాఠం చెప్పారు. వాయించి చూపలేకపోవడంతో మాటలు వెతుక్కోవాల్సి వచ్చిందని, అదే తనను మెరుగైన గురువును చేసిందని ఆయనే చెప్పుకున్నారు. 2020లో తొంభై రెండో ఏట పోయేదాకా ఆ పని వదల్లేదు.

మనకు ఆయన కన్నా ఒక మేలు ఎక్కువ. మన వాద్యాలన్నీ గాత్రం వెంట నడిచేవే. కాబట్టి వాయించి చూపడం మానేసి పాడి చూపండి. గొంతు బాగోదని వెనకాడకండి, శ్రుతి నిలబడితే చాలు. "నేను వాయించినట్టు వాయించు" అన్నచోట ఇకనుంచి "నేను పాడినట్టు వాయించు" అనండి. పిల్లల చెవి ఎంత పదునెక్కుతుందో మూడు నెలల్లో మీకే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. పిల్లలు వినేదాని కన్నా చూసేది ముందు నేర్చుకుంటారు. నేను చిటికెనవేలు ముడుచుకుపోతూనే జంట వరుసలు వాయించి చూపిన రోజుల్లో ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె తన చిటికెనవేలు ముడుచుకుని వాయించడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయికి ఏ జబ్బూ లేదు, గురువును చూసి నేర్చుకుంది. ఆ రోజు నుంచి మొదటి రెండేళ్ల విద్యార్థుల ముందు ఎడమచెయ్యి తీగ మీద పెట్టలేదు. పై తరగతుల వాళ్లకు మాత్రం చెప్పి వాయిస్తాను: "వేళ్లు చూడొద్దు, కళ్లు మూసుకుని విను."

ఒక్కో కదలికకు మూడు వర్ణనలు సిద్ధం చేసుకోండి. ఎక్కడ పెట్టాలో ఒకటి, ఎలా అనిపించాలో ఒకటి, ఎలా వినిపించాలో ఒకటి. స్వరాన్ని ఊపే కంపితం చెప్పాలంటే: "వేలు చివర కాదు, మెత్తని చోట ఆనించు" అని ఒకటి, "ఊయల తాడు పట్టుకున్నట్టు, లాగకు, ఊగనివ్వు" అని రెండోది, పాడి చూపడం మూడోది. ఒక పిల్లకు మొదటిది తగులుతుంది, ఇంకో పిల్లకు మూడోది. ముందు రోజు రాత్రి కాగితం మీద రాసుకోండి. మొదటి ఏడాది నేను రాసుకున్న పుస్తకం ఇప్పుడు నా దగ్గరున్న అన్నింటికన్నా విలువైనది.

పెద్ద శిష్యుల్లో ఒకరిని మీ చెయ్యిగా పెట్టుకోండి. వాళ్లు వాయిస్తారు, మీరు దిద్దుతారు, చిన్నవాళ్లు చూస్తారు. దానికి డబ్బు ఇవ్వండి, లేదా వాళ్లు మీకిచ్చే ఫీజు తగ్గించండి. గురుసేవ కింద ఊరికే చేయించుకోవడం నాకు న్యాయంగా తోచలేదు. మీ పాత రికార్డింగులు ఏవున్నా వెతికి తీయండి, కచేరీవి, పెళ్లివి, క్యాసెట్లలో ఉన్నవి. మీది పార్కిన్సన్ లాంటి, కాలంతో పెరిగే జబ్బైతే బాగున్న రోజుల్లో సరళీ వరుసల నుంచి వర్ణాల దాకా వరుసగా పాడి, వాయించి రికార్డు చేసి పెట్టుకోండి. పార్కిన్సన్‌లో మాత్రలు పట్టిన వేళ, దిగిపోయిన వేళ తేడా తెలుస్తుంది. గొంతు కూడా సన్నబడుతుంది. క్లాసు మాత్ర పట్టిన వేళకు జరపండి, చిన్న మైకు వాడండి.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలకు పొద్దున్నే జూమ్‌లో చెప్పేవారికి ఈ జబ్బు తెచ్చే ఇబ్బంది కాస్త తక్కువ. అక్కడ ఎలాగూ ఇద్దరూ కలిసి వాయించలేరు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది. పాడి, ఆగి, విని, దిద్దడమే పద్ధతి. కెమెరాలో పిల్లల చెయ్యే పెద్దగా కనబడేలా పెట్టించండి, మీ చెయ్యి కనబడాల్సిన పని లేదు.

కుడిచెయ్యి బాగుంటే కమాను పాఠాలకు ఎక్కువ సమయం ఇవ్వండి. మనలో చాలామందిమి ఎడమచేతి మీద చూపే శ్రద్ధలో సగం కూడా కమాను మీద చూపం. మా విజయనగరం సంగీత కళాశాలలో 1919లో చేరి, తర్వాత ప్రిన్సిపాల్ అయిన వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారికి చూపు బాగా తక్కువ. ఈ ఊళ్లో ఆయన పేరెత్తితే మొదట చెప్పేది ఆ కమాను నాదం సంగతే.

ఏడో పని: చెప్పాల్సినవాళ్లకు చెప్పడం

దాచడానికి పడే శ్రమ జబ్బును పెంచుతుంది. ఆందోళన ఎక్కువైతే వేలు ఇంకా బిగుసుకుంటుంది, ఇది నేను నా చేతి మీదే చూశాను. తల్లిదండ్రులకు నాలుగు మాటలు చాలు: "నా చేతి వేళ్లకు ఒక నరాల జబ్బు వచ్చింది. అంటుకోదు. తెలివికీ చెవికీ ఏమీ కాలేదు. ఇకనుంచి పాడి నేర్పుతాను, వాయించి చూపడానికి ఫలానా అమ్మాయి వస్తుంది." నాకు ఇద్దరు మానేశారు, మిగతావాళ్లు ఉన్నారు. దిష్టి తగిలిందని నిమ్మకాయలు తెచ్చినవాళ్ల ప్రేమను తీసుకోండి, మందు మాత్రం ఆపకండి.

ప్రభుత్వ కళాశాలలోనో బడిలోనో ఉద్యోగమైతే ఒక చట్టం తెలుసుకోండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 20వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి. ఆ చట్టంలోని 21 వైకల్యాల్లో పార్కిన్సన్ పేరు ఉంది. డిస్టోనియా విడిగా లేదు, మీ చేతి పరిస్థితిని బట్టి మెడికల్ బోర్డు లెక్కకడుతుంది. రాజీనామా కాగితం రాసే ముందు ఆ ధ్రువపత్రం సంగతి కనుక్కోండి.

నిద్ర పట్టకపోవడం, వాద్యం పెట్టె వైపు చూడలేకపోవడం, ఎవరి కచేరీకీ వెళ్లబుద్ధి కాకపోవడం వారాల తరబడి ఉంటే న్యూరాలజిస్టుకే చెప్పండి, మనసుకూ మందుంది. బతకడం ఎందుకనిపిస్తే ఆ రాత్రే ఇంట్లో ఒకరిని లేపి చెప్పండి. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

కచేరీలు, శ్రుతి

పక్కవాద్యానికి పిలిస్తే ముందే గాయకులతో మాట్లాడండి. విలంబ కృతులు, రాగం ఆలాపన వెంట నడవడం మీకు వీలవుతుందని, వేగమైన స్వరకల్పన వచ్చినప్పుడు మృదంగానికి వదిలేస్తానని చెప్పండి. ఒప్పుకునేవాళ్లు ఒప్పుకుంటారు. గంటకు మించి ఒప్పుకోకండి.

చివరగా శ్రుతి చేయడం గురించి, ఎందుకంటే వణికే చేతులకు తీగ బిగించే బిరడా తిప్పడమంత కష్టం ఇంకొకటి లేదు. నాలుగు తీగలకూ ఫైన్ ట్యూనర్లు (శ్రుతిని కొద్దికొద్దిగా సరిచేసే చిన్న మరలు) వేయించండి. క్లాసుకు మొదట వచ్చిన పిల్ల చేత మీ వయొలిన్ శ్రుతి చేయించండి. మీరు తంబురా పెట్టి, కళ్లు మూసుకుని, "ఇంకా కొంచెం పైకి, ఆగు, వెనక్కి" అని చెబుతూ ఉండండి. మా ఇంట్లో ఇప్పుడు ఆ పనికి పోటీ. ఆరింటి క్లాసుకు ఐదున్నరకే గేటు చప్పుడవుతుంది.